ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక ఏమవుతుంది?

నమస్కారం. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు మొక్కుకునేది ఒక్కటే, ప్రాణం దక్కితే చాలని. చాలాకాలం పరిశోధనలు కూడా దాదాపు అక్కడే ఆగిపోయాయి. మనిషి బతికాడా లేదా, అంతే లెక్క.

ఆ తర్వాతి సంగతి పట్టించుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కెనడా డాక్టర్ మార్గరెట్ హెరిడ్జ్ గురించి. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని, ఐసీయూలో చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డ 109 మందిని ఆమె బృందం టొరంటోలో ఏడాది పాటు గమనించింది. ఐసీయూ నుంచి బయటికొచ్చేసరికే వాళ్ల ఒంటి బరువులో 18 శాతం పోయింది. పెట్టిన పరీక్షల్లో ఒకటి చాలా మామూలుది: ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరు? మూడు నెలలకు 281 మీటర్లు, ఏడాదికి 422. ఆ వయసువాళ్లు మామూలుగా నడిచే దూరంలో అది మూడింట రెండు వంతులే.

ఊపిరితిత్తులు ఆర్నెల్లకే చాలావరకు కోలుకున్నాయి. కరిగిపోయిన కండలే తిరిగి రాలేదు. ఏడాదికి మళ్లీ పనిలో చేరినవాళ్లు సుమారు సగం మంది. ఇవి 2003 నాటి ఫలితాలు. 2011లో ఐదేళ్ల లెక్కలు వచ్చేసరికి నడక 436 మీటర్ల దగ్గరే ఉంది. ఆ అంకె చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. కోవిడ్ తర్వాత మన ఇళ్లలో "రిపోర్టులన్నీ నార్మలే కదా, ఇంకా మంచం దిగవేంటి?" అని ఎంతమందిని అన్నామో! అది బద్ధకం కాదండీ.

ఇక మనసు సంగతి. ఐసీయూ మత్తులో చాలామందికి లేనివి కనిపిస్తాయి. ఎవరో చంపడానికి వస్తున్నట్టు అనిపిస్తుంది. తర్వాత జరిగింది గుర్తుండదు, ఆ భ్రమలే మిగులుతాయి. ఇంగ్లండ్ నర్సు క్రిస్టినా జోన్స్ దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. రోజూ ఏం జరిగిందో నర్సులు, ఇంటివాళ్లు డైరీలో రాసి, ఫొటోలు పెట్టి, కోలుకున్నాక రోగి చేతికిస్తే? ఆరు ఐరోపా దేశాల్లో 352 మందితో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. డైరీ త్వరగా అందుకున్నవాళ్లలో 5 శాతం మందికి కొత్తగా పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత అదే పదేపదే గుర్తొచ్చి వేధించే మానసిక సమస్య) వస్తే, ఆలస్యంగా అందుకున్నవాళ్లలో 13 శాతం మందికి వచ్చింది.

అయితే 2019లో ఫ్రాన్స్‌లో మైతే గరూస్త్ ఓర్జియా బృందం 35 ఐసీయూల్లో పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇది దాచి మొదటిదొక్కటే చెప్పడం న్యాయం కాదు. అయినా నేను డైరీ వైపే. ఖర్చు లేనిది, పైగా బయట ఎదురుచూసేవాళ్ల టెన్షన్‌ కూడా కొంత తగ్గొచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా ఐసీయూ నుంచి వస్తుంటే, డిశ్చార్జ్ రోజున మందుల చీటీతో పాటు ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారు, ఎన్ని వారాలు అని డాక్టర్‌ని అడగండి.