షాటోనెఫ్ డ్యు పాప్ రెడ్ వైన్: ఏ ద్రాక్ష ఎందుకు కలుపుతారు?

అందరికీ నమస్తే. ఇవాళ మన టేబుల్ మీద ఉన్నది షాటోనెఫ్ డ్యు పాప్. ఫ్రాన్స్ దక్షిణ భాగంలో, రోన్ నది లోయలో, అదే పేరున్న ఊరి దగ్గర తయారయ్యే రెడ్ వైన్. ఇందులో ఏ ద్రాక్ష ఏం పని చేస్తుందో ఈ వీడియో అయ్యేసరికి మీ నాలుకకే తెలియాలి.

ముందు సీసా చూడండి. (సీసాను కెమెరాకు దగ్గరగా పెట్టి) లేబుల్ పైన గాజులోనే ఉబ్బెత్తుగా ఒక ముద్ర ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది. పోపు (కాథలిక్ క్రైస్తవుల మతాధిపతి) కిరీటం, తాళంచెవులు. ఈ ఊరి వైన్ సీసాలు చాలావాటి మీద ఇది కనిపిస్తుంది. 1309లో అప్పటి పోపు పక్కనే ఉన్న అవిన్యోన్ నగరానికి మకాం మార్చారు. తర్వాత వచ్చిన పోపు 22వ జాన్ ఇక్కడ విడిది కోసం కోట కట్టించారు. కొండ మీద ఆ కోట గోడలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. చరిత్ర ప్రస్తుతానికి ఇంత చాలు, మనం తోటలోకి వెళ్దాం.

(తోట ఫొటో) మట్టి ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు కదా? పైనంతా గుండ్రటి రాళ్లే. కొన్ని కొబ్బరికాయంత ఉంటాయి. వీటిని రోన్ నది ఎప్పుడో ఆల్ప్స్ వైపు నుంచి దొర్లించుకుని తెచ్చింది. పగలంతా ఎండకు కాగి, రాత్రిపూట ఆ వేడిని తీగలకు ఇస్తాయి. అడుగున ఉన్న బంకమట్టిలో తడి ఆరిపోకుండా కాపాడతాయి. అన్ని తోటలూ ఇలాగే ఉంటాయనుకోకండి, ఇసుక నేలలూ సున్నపురాయి నేలలూ ఉన్నాయి. దీనికి తోడు ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే చలిగాలి విసురుగా కొడుతుంది. అందుకే ఇక్కడ పాత తోటల్లో పందిరి కనిపించదు. తీగను పొట్టిగా కత్తిరించి పొదలా పెంచుతారు. గాలి కాయల మీద తేమను ఆరబెట్టేస్తుంది కాబట్టి కుళ్లు తెగులు తక్కువ.

ఇంత ఎండకూ గాలికీ తట్టుకుని హాయిగా పండేది గ్రెనాష్ అనే ద్రాక్ష. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం తోటలు దానివే. బాగా తియ్యగా పండుతుంది, అందువల్ల వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువ. ఎర్ర బెర్రీల వాసన, నోటినిండా గుండ్రంగా ఉండే రుచి దానివే. కానీ తొక్క పలచన, రంగు తక్కువ, గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. ఆ లోటు తీర్చడానికే సిరా, ముర్వెడ్ర్ అనే ద్రాక్ష రకాలు కావాలి. సిరా ముదురు రంగు ఇస్తుంది, మిరియాల ఘాటు ఇస్తుంది. ముర్వెడ్ర్ ఆలస్యంగా పండుతుంది, వగరు గట్టిగా ఉంటుంది. గ్రెనాష్ పాడవకుండా ఏళ్ల తరబడి నిలబెట్టేది అదే. నాకు ఈ మూడింట్లో ముర్వెడ్ర్ అంటేనే ఎక్కువ గౌరవం.

ఈ వైన్‌లో ఏ ద్రాక్షలు వాడొచ్చో చెప్పే నిబంధనల్లో 13 రకాల పేర్లున్నాయి. ఒకే రకంలో రంగు తేడాలను విడిగా లెక్కపెడితే 18. ఏది ఎంత కలపాలన్న కట్టుబాటు లేదు. షాటో ద బోకాస్తెల్ అనే వైన్ తయారీదారులు 13 రకాలూ పెంచుతారు. షాటో రాయాస్ అనే మరో తయారీదారు రెడ్ వైన్ మొత్తం గ్రెనాష్‌తోనే చేస్తారు. రెండూ ఈ ఊరివే, రెండూ గొప్పవే.

ఈ నిబంధనల వెనక ఒక మనిషి ఉన్నాడు: న్యాయశాస్త్రం చదివిన ఇక్కడి తోటల యజమాని బారన్ ల రువా. ఎక్కడెక్కడి వైన్‌నో ఈ ఊరి పేరుతో అమ్మేస్తుంటే రైతులు ఆయన్ని ఆశ్రయించారు. 1923లో నియమాలు రాసుకున్నారు. లావెండర్, థైమ్ మొక్కలు పెరిగేంత బీడు నేలలోనే ఈ ద్రాక్ష పండించాలన్నారు. సారవంతమైన నేల వద్దన్నమాట! 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వ గుర్తింపు పొందిన మొదటి ప్రాంతాల్లో ఇదొకటి. ఇప్పటికీ కాయ చేత్తోనే కోయాలి, ఆల్కహాల్ కనీసం 12.5 శాతం ఉండాలి. 14, 15 శాతం ఉన్న సీసాలే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక రుచి చూద్దాం. రూమ్ టెంపరేచర్ అని పుస్తకాల్లో ఉంటుంది, అది హైదరాబాద్ గది కాదు. 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. మన ఎండల్లో అయితే ఆ చల్లదనం వచ్చేదాకా సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిగా తాగితే ఆల్కహాల్ ముక్కుకు కొట్టి మిగతా వాసనలన్నీ మింగేస్తుంది. కొత్త వైన్ అయితే ఒక గంట ముందే వెడల్పాటి జాడీలోకి వంచండి.

గ్లాసులో మూడో వంతు పోసి, తెల్ల కాగితం మీదకు వంచి అంచు చూడండి. పలచటి ఎరుపు ఉంటే గ్రెనాష్ ఎక్కువని అనుకోవచ్చు. ఇటుక రంగు తిరిగితే వయసైన వైన్. తిప్పి వాసన పీల్చండి. ముందు పండు, తర్వాత మిరియాలు, ఆ తర్వాత ఎండిన ఆకుల వాసన. గుక్క తాగాక చిగుళ్ల మీద పట్టినట్టుండే వగరు గమనించండి.

తోడుగా మటన్ బాగుంటుంది, కానీ కారం తగ్గించండి. ఇంత ఆల్కహాల్ కారపు మంటను ఇంకా పెంచుతుంది. ధర భారం అనిపిస్తే పక్క ఊళ్లైన జిగోండాస్, వాకెరాస్ పేర్లు వెతకండి, అక్కడా ఇవే ద్రాక్షలు. మిగిలిన వైన్‌కు కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించేయండి.