ఆకు వాలకముందే తీగ చెప్పే సంగతి: నీటి ఎద్దడినీ నీడనూ గుర్తించే పద్ధతి

నమస్కారం. ఎగబాకే మొక్కకు నీరు తగ్గినా, వెలుతురు తగ్గినా ఆ సంగతి ఆకులు వాడిపోకముందే తీగ కొసలోనూ, ఆధారాన్ని చుట్టి పట్టుకునే సన్నని పోగైన నులితీగలోనూ తెలుస్తుంది. దాన్ని ఎలా కనిపెట్టాలో ఈ వీడియోలో చూద్దాం.

తెర మీద ఒకే వయసు బీన్స్ తీగలు రెండు ఉన్నాయి. ఎడమ కుండీకి మామూలుగా నీరు పోస్తున్నాం, కుడి కుండీకి తగ్గించాం. కర్రలు ఇలా పాతండి, ఫోన్‌ను ఇలా బిగించండి, నిమిషానికి ఒక ఫొటో వచ్చేలా అమర్చండి. ఫోన్‌లో సిద్ధంగా ఉండే టైమ్‌ల్యాప్స్ కన్నా, ఫొటోల మధ్య వ్యవధిని మనమే నిర్ణయించుకోగల యాప్‌నే నేను వాడతాను, ఎందుకంటే తరువాత సమయాన్ని లెక్కించవలసింది ఆ ఫొటోలతోనే.

ఇప్పుడు ఎడమ తీగ కొసను చూడండి, ఆధారం కోసం గుండ్రంగా తిరుగుతోంది. చార్లెస్ డార్విన్ 1865లో ప్రచురించిన పరిశీలనల్లో, వేడి వాతావరణంలో పగటిపూట హాప్ అనే ఎగబాకే తీగ సగటున 2 గంటల 8 నిమిషాలకు ఒక చుట్టు తిరిగిందని నమోదు చేశారు. కుడి తీగను చూడండి, చుట్టు నెమ్మదించింది. నీరు తగ్గినప్పుడు కణాల్లో ఒత్తిడి పడిపోయి, అవి సాగడం అన్నిటికన్నా ముందు మందగిస్తుంది. కొస తిరగడం ఆ సాగుదల మీదే ఆధారపడింది కాబట్టి ఆకు ఇంకా పచ్చగా నిలబడి ఉండగానే కదలిక తగ్గుతుంది. చలి కూడా ఇదే పని చేస్తుంది కనుక రెండు కుండీలనూ ఒకే చోట ఉంచండి.

తరువాతిది నులితీగ పరీక్ష. బీన్స్‌కు నులితీగలు ఉండవు కాబట్టి దోస తీగను తీసుకుందాం. ఇక్కడ దయచేసి తొందరపడకండి, ఎందుకంటే ఈ పరీక్ష ఫలితమంతా మీరు ఎంచుకునే నులితీగ వయసు మీదే ఉంటుంది. ఇది చూడండి, ఇంకా చుట్టుకొని ఉంది, ఇది మరీ లేతది. ఇది చూడండి, దేన్నీ పట్టుకోకుండానే ముదిరి మెలికలు పడిపోయింది, ఇదీ పనికిరాదు. ముదిరిన నులితీగ స్పందించకపోతే మొక్క ఎద్దడిలో ఉందని పొరబడే వీలుంది. మనకు కావలసింది ఇదిగో ఇది: విప్పుకొని నిటారుగా సాగినది, ఇంకా దేన్నీ పట్టుకోనిది. దీని కొస కింది వైపున సన్నని పుల్లతో మెల్లగా కొన్నిసార్లు రాయండి. ఆరోగ్యంగా ఉంటే కొద్ది నిమిషాల్లోనే వంపు మొదలవుతుంది. నీళ్లు చల్లి పరీక్షించకండి, నీటి చుక్కలకు నులితీగలు స్పందించవని డార్విన్ కూడా గమనించారు.

ఇక నీడ సంగతి. పై ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని సుదూర ఎరుపు కాంతిని, అంటే మన కంటికి దాదాపు కనిపించని ముదురు ఎరుపును, కిందికి వదిలేస్తాయి. ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ తేడాను పసిగడుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, కాండం సన్నబడుతుంది. దీన్ని చాలామంది ఏపైన ఎదుగుదల అనుకుంటారు, కానీ అది వెలుతురు కోసం మొక్క పడే ఆరాటం. అయితే అన్ని తీగలూ వెలుతురు వైపే పోవు: మాన్‌స్టెరా అనే ఎగబాకే మొక్కల్లో ఒక జాతి మొలకలు ఎక్కడానికి చెట్టు మొదలును వెతుకుతూ చీకటి వైపు పాకుతాయి.

గాలి విషయం త్వరగా చెబుతాను: తరచూ ఊగే కాండం సాధారణంగా పొట్టిగా, లావుగా తయారవుతుంది.

చివరిగా, మధ్యాహ్నం వాలిన ఆకులను చూసి వెంటనే నీరు పోయకండి. తెల్లవారుజామున మళ్లీ చూడండి. అప్పటికీ వాలే ఉండి, మట్టి లోపల కూడా పొడిగా ఉంటే నీరు పోయండి. మట్టి తడిగా ఉంటే మాత్రం నీరు పోయకుండా, కుండీ అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో, వేర్లు కుళ్లుతున్నాయేమో పరిశీలించండి.