సోంగ్-కుల్ ఒడ్డున యుర్త్‌లో బస: రాత్రి తలనొప్పి వస్తే ముందు ఏం చేయాలి?

[తెర: పచ్చిక మైదానం, నీలి సరస్సు, ఒడ్డున తెల్లటి గుండ్రని గుడారాలు]

గొంతు: బెజవాడ, గుంటూరు నుంచి ఎంబీబీఎస్‌కి కిర్గిజ్‌స్తాన్ వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. వేసవి సెలవుల్లో వాళ్లు, వాళ్లని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు సోంగ్-కుల్ సరస్సు చూడాలనుకుంటారు. చూడాల్సిన చోటే. కాకపోతే అది 3,016 మీటర్ల ఎత్తున ఉంది. మన ఆంధ్రా వైపు తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. కాపర్లు జూన్‌లో మందలతో పైకొచ్చి యుర్త్‌లు, అంటే గుండ్రని గుడారాలు, వేస్తారు, సెప్టెంబరులో విప్పుకుని దిగిపోతారు. జూలైలో కూడా రాత్రిపూట చలి సున్నా డిగ్రీల దాకా వస్తుంది. బీసెంట్ రోడ్డులో కొన్న పల్చటి స్వెట్టరు అక్కడ ఆగదు. ఒంటికి అంటుకుని ఉండే థర్మల్ జత, పైన ఉన్ని స్వెట్టరు, ఆపైన గాలి దూరని జాకెట్, చెవులు మూసే టోపీ ఉండాలి.

[తెర: యుర్త్ లోపలి నుంచి పైకప్పు]

చుట్టూ గోడలా ఉన్నది విల్లో కర్రల తడిక. మడిస్తే ఒంటె మీదో గుర్రం మీదో ఎక్కుతుంది. దాని పేరు కెరెగె. దాని మీంచి పైకి వంగిన వాసాలు ఊక్. అవన్నీ వెళ్లి గుచ్చుకునే నడినెత్తి చక్రం తుందుక్. కిర్గిజ్ జెండా మీద కనిపించేది అదే. ఈ నిర్మాణ విద్యను యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. తడిక మీద, వాసాల మీద ఫెల్ట్, అంటే ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి గుడ్డ, కప్పుతారు.

తుందుక్‌ని బాగా చూడండి. వెలుతురు అక్కడి నుంచే, గాలీ అక్కడి నుంచే. వాన పడితే దాని మీదికి ఫెల్ట్ ముక్కను తాడుతో లాగి మూసేస్తారు. ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

[తెర: ఇనుప పొయ్యి, పొగగొట్టం, పక్కన పిడకల బుట్ట]

అంత ఎత్తులో చెట్లు లేవు, పొయ్యిలోకి పిడకలే. బాగా ఎండినవి మండుతాయి. చెమ్మగా ఉంటే మంట లేకుండా రగులుతాయి. పొయ్యి మూత బిగించినా, ఈదురుగాలికి పొగ గొట్టంలోంచి వెనక్కి తన్నినా, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలే నిలుస్తుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. కొత్తగా ఎత్తుకు వెళ్లినవాళ్లకి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌లో వచ్చేవీ ఇవే. అది సాధారణంగా చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో, అంటే సరిగ్గా మొదటి రాత్రే తగులుతుంది. అందుకే జనం రెంటినీ కలగలిపేసి, "ఎత్తు కదా, పొద్దునకి సర్దుకుంటుందిలే" అని పడుకుంటారు. దయచేసి అలా పడుకోకండి.

ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి మొదలైందా? పొయ్యి రగులుతోందా? బయటికొస్తే కాస్త తేలికపడిందా? పొయ్యి గ్యాస్ అనుకోండి. బయట తగ్గలేదని గ్యాస్ కాదని మాత్రం తేల్చేయకండి, ఆ నొప్పి గంటల తరబడి ఉండగలదు. ఏదైనా సరే, ముందు అందరినీ లేపి బయటికి తేవాలి. తలుపు తెరవాలి, తుందుక్ మీది ఫెల్ట్ తీయించాలి. స్పృహ తప్పితే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికే.

మెడికల్ విద్యార్థులకు ఒక మాట. పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. తెర మీద అంకె బాగుందని నిశ్చింతగా ఉండకండి. బ్యాటరీ మీద పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి సంచిలో వేసుకోండి. పడుకునే ముందు పొయ్యి నింపి మూయొద్దు, ఆరనివ్వండి. రాత్రికి బొంతలే దిక్కు, ఆ ఇంటివాళ్లు మందపాటివి బోలెడు ఇస్తారు. ఇంకోటి అడగడానికి మొహమాటపడకండి.

[తెర: బిష్కెక్, కోచ్కోర్, సోంగ్-కుల్ మ్యాప్]

ఎత్తు సంగతికొస్తే, రాజధాని బిష్కెక్ నుంచి ఒక్క రోజులో నేరుగా పైకి వెళ్లొద్దు. దారిలో ఉన్న కోచ్కోర్‌లో ఒక రాత్రి ఆగండి, అది సుమారు 1,800 మీటర్లు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మందు అసిటజోలమైడ్, సాధారణంగా 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం, ఎక్కే ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. నిద్రమాత్రలు, మద్యం ఆ రాత్రికి వద్దు.

నీళ్లు అక్కడ దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు ఉడకదు, కుక్కర్ లేకుండా ప్రయత్నించొద్దు. అటుకులు పట్టుకెళ్లండి, వాళ్లిచ్చే పెరుగులో నానేసుకుని ఆవకాయతో తినొచ్చు. గుర్రపు పాలు పులియబెట్టిన కుమిస్ మొదటిరోజు రెండు గుక్కలు చాలు. చుట్టూ పశువులు మేస్తాయి కాబట్టి తాగే నీళ్లు తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు మరగాలి. ఫోను పక్కలో పెట్టుకుని పడుకోండి, చలికి బ్యాటరీ దిగిపోతుంది. మరుగుదొడ్డి బయట, దూరంగా ఉంటుంది. టార్చి తలగడ దగ్గరే ఉండాలి. గడప తొక్కకుండా దాటండి.

[తెర: మడమకు బొటనవేలు ఆనిస్తూ ఒకరు గీత మీద నడవడం]

తలనొప్పితో ఉన్న మనిషిని ఇలా నడిపించి చూడండి. తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే కిందికి దించాలి. అందుకే కోచ్కోర్‌లో బండి మాట్లాడుకునేటప్పుడే, దింపేసి వెళ్లిపోయేది కాకుండా రాత్రి డ్రైవరుతో సహా అక్కడే ఉండేది మాట్లాడుకోండి.