గీతలు చెరిగిన మైదానంలో రిఫరీలు

శ్రోతలకు నమస్కారం.

2007 నవంబరు 26న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో స్టీలర్స్ జట్టుకీ మయామి డాల్ఫిన్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట జరిగింది. ఆ వారాంతంలోనే అదే మైదానంలో హైస్కూలు ఫైనల్స్, ఒక కాలేజీ ఆట అయిపోయాయి. నలిగిపోయిన పచ్చిక మీదే కొత్త పచ్చిక చాపలు పరిచారు. అవి వేళ్లూనుకోకముందే కుండపోత వాన. మయామి ఆటగాడు ఎత్తుగా తన్నిన కోల బంతి ఒకటి కిందికొచ్చి, పొలంలో గునపం దిగినట్టు మొన నేలలోకి దిగి అలాగే నిలబడిపోయింది. ఎగరలేదు, దొర్లలేదు. చివరి 17 సెకన్ల దాకా రెండు జట్లకూ ఒక్క పాయింటు కూడా లేదు. ఆఖరికి 24 గజాల ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్ని మూడు పాయింట్లు, కొట్టి స్టీలర్స్ 3-0తో గెలిచారు.

ఆ బంతిని జనమంతా చూశారు. దాని దగ్గరికి పరుగెత్తాల్సిన చారల చొక్కాల వాళ్ల, అంటే ఆట నడిపే అధికారుల, పని ఎలా ఉంటుందో ఈరోజు చెప్పుకుందాం. తన్నిన బంతి కదలిక ఆగి, దాన్ని అందుకోవడానికి ఎవరూ ప్రయత్నించకపోతే, ఆట అక్కడితో ఆగినట్టే. అదే చోటి నుంచి అవతలి జట్టు మొదలుపెడుతుంది. గట్టి నేల మీదయితే బంతి దొర్లి ఆగేలోపు అధికారి దగ్గరికి చేరుకుంటాడు. బురదలో అది పడ్డచోటే ఆగుతుంది. అతను ఇంకా ఇరవై గజాల దూరంలో ఉంటాడు, కాళ్లు జారుతుంటాయి. అయినా విజిల్ తొందరగా ఊదకూడదు. చివరి క్షణంలో ఎవరైనా బంతి మీదికి చెయ్యి చాపవచ్చు.

ఆట తెలియని శ్రోతల కోసం రెండు మాటలు. మైదానం పొడవు 120 గజాలు, వెడల్పు 53 గజాల ఒక అడుగు. బంతి పట్టుకున్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. ప్రతి ప్రయత్నాన్నీ డౌన్ అంటారు. ఒక డౌన్ ముగిసినప్పుడు బంతి ఎక్కడుందో, తర్వాతి డౌన్ అక్కడి నుంచే. అంటే ఆటంతా చోటు లెక్క. అడుగు తేడాతో జట్టు ఆశలు తారుమారవుతాయి. బురద మొట్టమొదట చెరిపేది ఆ చోటునే. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, శుక్రవారం రాత్రి పిల్లల హైస్కూలు ఆటకి వెళ్లే తెలుగు కుటుంబాలు ఇది కళ్లారా చూసే ఉంటాయి. ప్రొఫెషనల్ ఆటకి ఏడుగురు అధికారులుంటారు. హైస్కూలు పెద్ద ఆటలకి సాధారణంగా ఐదుగురే, రీప్లే కెమెరాలు తక్కువ. బురద భారం వాళ్ల మీదే ఎక్కువ పడుతుంది.

వాన పడ్డ రోజు వాళ్ల పని ఆటకి గంట ముందే మొదలవుతుంది. మైదానమంతా నడిచి చూడాలి. మడమతో నొక్కితే నీరు పైకొస్తోందా, మురుగు మూతలు, స్ప్రింక్లర్ తలలు పైకి తేలాయా చూడాలి. సహజమైన పచ్చిక మైదానాలు చాలావాటిని నీరు పక్కలకి జారేలా మధ్యలో కాస్త ఎత్తుగా వేస్తారు. అందుకే వానొస్తే మధ్య భాగం ఆటగాళ్ల కాళ్ల కింద చిత్తడవుతుంది, మైదానం పక్క గీత అయిన సైడ్‌లైన్ వెంబడి నీరు నిలుస్తుంది. సైడ్‌లైన్ మీద ఉండే ఇద్దరు అధికారులు పరుగెత్తాల్సింది సరిగ్గా ఆ నీళ్లలోనే. ఆటగాళ్ల బూట్లు కూడా చూడాలి. హైస్కూల్లో, కాలేజీలో అడుగున బిగించే మేకులు అర అంగుళం దాటకూడదు. పట్టు దొరకడం లేదని పొడవైనవి బిగించుకునే ఆశ పుట్టేది ఇలాంటి రోజునే.

జేబులో ఏముండాలన్నది కూడా ముఖ్యమే. పెన్ను సిరా వానలో కరిగిపోతుంది, కాబట్టి పొట్టి పెన్సిలు, తడవని కాగితం లేదా ప్లాస్టిక్ కవరులో పెట్టిన కార్డు. పాత విజిళ్లలో ఉండే కార్క్ గింజ తడిస్తే ఇరుక్కుంటుంది, చప్పుడు రాదు. కెనడా బాస్కెట్‌బాల్ రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ 1987లో గింజ లేని ఫాక్స్ 40 విజిల్ తెచ్చాక ఆ బాధ తప్పింది. అయినా రెండోది దగ్గర ఉంచుకోవాలి, ఒకటి బురదలో పడితే మళ్లీ నోట్లో పెట్టుకోలేరు. తప్పు జరిగినప్పుడు విసిరే పసుపు గుడ్డలు రెండు, బంతి జారిన చోట గుర్తుగా వేసే గింజల సంచులు రెండు కావాలి. సంచి బురద పట్టిందంటే నేలలో కలిసిపోతుంది. విసిరేశాక దాని మీద ఒక కన్నుంచి, పని కాగానే తుడుచుకోవాలి.

ఇక అసలు విషయం, చోటు నిలబెట్టడం. గీతలు పూర్తిగా పోతే ఏం చెయ్యాలి? సైడ్‌లైన్ పక్కన రెండు వైపులా గజాల అంకెలున్న బోర్డులుంటాయి, మైదానం రెండు చివర్లా పాయింట్లు చేసే భాగమైన ఎండ్ జోన్ మూలల్లో నారింజ రంగు స్తంభాలుంటాయి. ఈ వైపు బోర్డు నుంచి ఆ వైపు బోర్డుకి చూపు కలిపితే కనిపించని గీత దొరుకుతుంది. అందుకే బోర్డులు సరైన చోట ఉన్నాయో లేదో ఆటకి ముందే చూసుకోవాలి. విరామంలో గ్రౌండ్ సిబ్బందికి కొద్ది నిమిషాలే దొరికితే ముందుగా ఎండ్ జోన్ మొదలయ్యే గోల్‌లైన్లు, తర్వాత సైడ్‌లైన్లు, ఆ తర్వాతే మిగతావి తిరిగి వేయమంటారు. పాయింట్లు గోల్‌లైన్ మీద, బంతి లోపలా బయటా అన్నది సైడ్‌లైన్ మీద తేలుతాయి కాబట్టి.

పది గజాల దూరం కొలిచేది గొలుసుతో. దాని రెండు చివర్లా కర్రలుంటాయి. మైదానానికి అడ్డంగా ఐదేసి గజాలకి గీసిన గీతల్లో మొదటి కర్రకి దగ్గరగా ఉన్నదాని వెనక అంచు దగ్గర గొలుసుకి ఒక క్లిప్ తగిలిస్తారు. కొలవాల్సి వచ్చినప్పుడు గొలుసును మైదానంలోకి తెచ్చి, ఆ క్లిప్‌ను అదే గీత మీద పెట్టి అవతలి కర్ర లాగుతారు. గీతే లేకపోతే క్లిప్‌కి ఆధారం ఉండదు. చూపు కలిపిన గీత మీద మడమ ఆనించి ఒక అధికారి నిలబడాలి, క్లిప్ ఆ మడమ దగ్గరికి రావాలి. గొలుసు బురదలో దిగబడితే కర్రలు దగ్గరవుతాయి. పైకెత్తి, బిగించి, అప్పుడే చదవాలి. ఈలోపు బంతిని ఎవరూ ముట్టుకోకూడదు.

జారిపోయే పరుగు దగ్గర ఎక్కువ గొడవ. హైస్కూల్లో, కాలేజీలో బంతితో పరుగెత్తేవాడి చెయ్యి, పాదం తప్ప ఒంట్లో మరే భాగం నేలకి తగిలినా ఆ డౌన్ ముగిసినట్టే, ఎవరూ తాకకపోయినా. మోకాలు బురదలో తగిలాక అతను మూడు గజాలు జారుకుంటూ వెళ్లవచ్చు. లెక్కలోకి వచ్చేది మోకాలు తగిలిన క్షణంలో బంతి ఉన్న చోటు, జారి ఆగిన చోటు కాదు. సైడ్‌లైన్ అధికారి కళ్లు మోకాలి మీదా బంతి మీదా ఉండాలి. ఆ చోటికి ఎదురుగా తన ముందు పాదం పెట్టి కదలకుండా నిలబడాలి. గ్యాలరీ అంతా అరిచినా ఆ పాదం కదలకూడదు. ప్రొఫెషనల్ ఆటలో నియమం వేరు. ప్రత్యర్థి తాకకపోతే జారిపడ్డవాడు లేచి పరుగెత్తవచ్చు. టీవీలో అది చూసి పెరిగిన ప్రేక్షకులు హైస్కూలు ఆటలో విజిల్ వినగానే కేకలు వేస్తారు. సరైన నిర్ణయం ఆ విజిలే.

బంతి బరువు 14 నుంచి 15 ఔన్సులు, అంటే నాలుగు వందల గ్రాములకి అటూ ఇటూ. తోలు తడిస్తే నీరు పీల్చుకుని జారుతుంది. అందుకే సైడ్‌లైన్‌లో బంతులు అందించే కుర్రాళ్లు తువాళ్లతో సిద్ధంగా ఉంటారు. డౌన్ అవగానే తడి బంతి బయటికి, పొడిది లోపలికి. దాన్ని దూరం నుంచి విసరకుండా చేతి నుంచి చేతికి అందించడం మేలు. అధికారుల్లో ఒకడైన అంపైర్ దాన్ని చంకలో దాచుకుని, జట్లు వరసలో నిలబడబోయే ముందు కింద పెడతాడు. బంతి మార్చడం ఆలస్యమై, తర్వాతి ఆట మొదలుపెట్టడానికి జట్టుకున్న గడువు, అంటే ప్లే క్లాక్, తరిగిపోకుండా చూడాలి. ఆ సెకన్లు ఆటగాళ్ల హక్కు. బంతి మీద బురద మరక చూసి నేలకి తగిలిందని తేల్చడం కూడా పొరపాటే, మరక ముందు నుంచే ఉండి ఉంటుంది.

రెండో సగానికి రెండు జట్లూ ఒకే రంగు. వీపు మీది అంకెలు కనిపించవు. పాస్, అంటే ముందుకు విసిరిన బంతి, అందుకోవడానికి ఎవరు అర్హులో అంకెను, స్థానాన్ని బట్టి తెలుస్తుంది, 50 నుంచి 79 వరకు ఉన్నవాళ్లు అర్హులు కారు. అంకె చదవలేనప్పుడు బంతి ఆటలోకి వచ్చే ముందే ఎవరు వరస మీద ఉన్నారు, ఎవరు వెనక ఉన్నారు అని స్థానాలతో గుర్తుపెట్టుకోవాలి. తప్పు చేసినవాడి అంకె తెలియకపోతే ఊహించి చెప్పకూడదు, స్థానం చెబితే చాలు.

ఉరుము వినిపించినా మెరుపు పడినా హైస్కూలు ఆటను ఆపేస్తారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు నిరీక్షించాలి, మధ్యలో మళ్లీ ఉరిమితే లెక్క మొదటికి వస్తుంది. తిరిగి మొదలుపెట్టే ముందు మైదానం మళ్లీ నడిచి చూడాలి.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది గుట్ట. జారిన బంతి మీద పది మంది పడతారు. మామూలు రోజున అడుగున ఉన్నవాడికి నలగడమే బాధ. నీళ్లు నిలిచిన మైదానంలో అతని ముఖం, హెల్మెట్ జాలీతో సహా నీళ్లలో ఉండవచ్చు, పైన వందల కిలోల బరువు. దగ్గరున్న అధికారి ముందుగా గడియారం ఆపి, వంగి బంతి ఎవరి దగ్గరుందో వెతుకుతాడు. మిగతావాళ్లు పై నుంచి ఒక్కొక్కరినీ గట్టిగా పిలుస్తూ లేపుతారు, చొక్కా పట్టి లాగకుండా. బంతి ఎవరిదో కళ్లతో చూశాకే రిఫరీ చెయ్యి చూపాలి. అయితే ముఖం నీళ్లలో ఉన్నవాడు కనిపిస్తే బంతి సంగతి తర్వాత, ముందు అతని తల పైకి తీయాలి. లేచాక అతను జాలీ లోంచి బురద తుడుచుకుని, ఊపిరి అందుకుని, కళ్లు తెరిచి చూసేదాకా రిఫరీ తర్వాతి డౌన్‌కి విజిల్ ఇవ్వడు.