బ్యాంకు మెయిల్‌ని ఇంటిపేరు అడగండి

మా బాబాయి ముప్పై ఏళ్లు ఇంగ్లీషు మాస్టారు. మొన్న నాకో మెయిల్ ఫార్వర్డ్ చేసి, "ఒక్క తప్పు కూడా దొరకలేదురా, నిజంగా బ్యాంకే పంపినట్టుంది" అన్నారు. ఈ రాత్రిలోగా కేవైసీ అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందట.

స్పెల్లింగ్ తప్పులు వెతకమనే సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇప్పుడు దొంగలు ఏఐతో రాయిస్తున్నారు. మా బాబాయి కన్నా మంచి ఇంగ్లీషు. (ఈ మాట ఆయనకి చేరవేయకండి.)

చూడాల్సింది లింకుని. ఫోన్‌లో దాన్ని తెరవకుండా వేలితో నొక్కి పట్టుకుంటే అసలు అడ్రస్ కనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: మనబ్యాంక్.బ్యాంక్.ఇన్.కేవైసీ-ఇప్పుడే.కామ్/లాగిన్]

బ్యాంకు పేరు నేను కల్పించిందే. హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు స్లాష్‌లు వదిలేయండి. తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి చదవండి. మనకి ఇంటిపేరు ముందు కదా, వేమూరి సుబ్బారావు. అమెరికా వెళ్లగానే సుబ్బారావు వేమూరి అయిపోతాడు. వెబ్ అడ్రస్ కూడా అంతే, ఇంటిపేరు చివర్లో.

ఈ లింకు ఇంటిపేరు కేవైసీ-ఇప్పుడే.కామ్. ముందున్న మనబ్యాంక్.బ్యాంక్.ఇన్ అంతా ఆ ఇంటివాళ్లు పెట్టుకున్న పేరు. కొడుక్కి కలెక్టర్ అని పేరు పెట్టుకుంటే ఎవరు కాదంటారు? అంతమాత్రాన జిల్లా చేతికి రాదు.

మన దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా .బ్యాంక్.ఇన్ అడ్రస్‌కి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ ఇంటిపేరు ఇచ్చేది రిజర్వ్ బ్యాంకు మన హైదరాబాద్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే. డబ్బు కడతానన్న ప్రతివాడికీ ఇవ్వదు. చుక్క దగ్గర జాగ్రత్త! మనబ్యాంక్-ఇన్.కామ్ అని అడ్డగీత కనిపిస్తే అది వేరే కొంప.

"అడ్రస్ పక్కన తాళం గుర్తుంది కదా?" అంటారు. దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే దానర్థం. దొంగ కూడా తన ఇంటికి తాళం వేసుకుంటాడండీ!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పంపినవాళ్ల పేరు చూసి నమ్మొద్దు, అక్కడ ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. మెయిల్ అడ్రస్‌నీ ఫోర్జరీ చేస్తారు. హెచ్‌టీఎంఎల్ ఫైలు (అంటే వెబ్ పేజీ ఫైలు) అటాచ్ చేసి ఉంటే ముట్టుకోవద్దు, నకిలీ లాగిన్ పేజీ అందులోనే ఉండొచ్చు. అనుమానం వస్తే మెయిల్ మూసేసి బ్యాంకు యాప్‌లో చూసుకోండి. ఓటీపీ ఇచ్చేశారా? ఎవరికి చెబితే ఏమనుకుంటారో అని కూర్చోకండి, వెంటనే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. పొరపాటు మనదే అయినా, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే డబ్బు బ్యాంకే భరించాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది.

నిన్న బాబాయి ఇంకో మెయిల్ పంపారు. కింద రాశారు: "ఇంటిపేరు వేరేరా. అయినా ఇంగ్లీషుకి పదికి తొమ్మిది వేశా."