ఒకే మార్కు, వేర్వేరు కారణాలు: చదవడంలోనూ లెక్కల్లోనూ పిల్లల మధ్య తేడాల గురించి

అందరికీ నమస్కారం. ఇక్కడ టీచర్లు ఉన్నారు, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ఉన్నారు, తల్లిదండ్రులు కూడా చాలామంది వచ్చారు. అందరికీ తెలిసిన ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను.

52 లోంచి 38 తీసేయాలి. ఒక పాప 26 అని రాసింది. పక్కనున్న బాబు 15 అని రాశాడు. సరైన జవాబు 14 కాబట్టి ఇద్దరికీ సున్నాయే. ఇప్పుడు ఆ 26 ఎలా వచ్చిందో చూడండి. ఒకట్ల స్థానంలో 2 లోంచి 8 పోదు. అందుకని పాప తిప్పేసి, 8 లోంచి 2 తీసేసింది. 6 వచ్చింది. పదుల్లో 5 లోంచి 3 తీస్తే 2. మొత్తం 26. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఆ నియమాన్ని ఎక్కడా తప్పలేదు. బాబు సంగతి వేరు. అప్పు తీసుకోవడం అతనికి వచ్చు. 12 లోంచి 8 తీసేటప్పుడు వేళ్ల మీద ఒకటి తేడా పడింది, అంతే.

ఇద్దరికీ ‘ఇంకా ప్రాక్టీస్ చెయ్యాలి’ అని నోట్‌బుక్‌లో రాసి, యాభై తీసివేతలు ఇంటికి ఇస్తే బాబు బాగుపడొచ్చు. పాప మాత్రం అదే తప్పుని యాభైసార్లు చేసి, మరింత గట్టిగా నేర్చుకుంటుంది. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల లెక్కల తప్పుల్ని ఇలాగే విప్పి చూపించారు. పరధ్యానం వల్ల వచ్చాయనుకునే తప్పుల్లో చాలావాటి వెనక ఒక పద్ధతి ఉంటుంది. పిల్లలు ఆ పద్ధతిని బుద్ధిగా పాటిస్తుంటారు, కాకపోతే ఆ పద్ధతే తప్పు.

ఈరోజు నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఎవరు ఎంత వెనకబడ్డారో మార్కు చెప్తుంది. ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో చెప్పదు. పిల్లల తేడాల మీద చేసే పరిశోధన అంతా ఆ రెండో ప్రశ్న కోసమే జరగాలని నా గట్టి నమ్మకం.

సగటు సంగతి చూడండి. 1972లో గ్రోయెన్, పార్క్‌మన్ అనే పరిశోధకులు చిన్న పిల్లలు కూడికలు చేయడానికి తీసుకునే సమయాన్ని కొలిచారు. ఆ సమయాలన్నీ కలిపి చూస్తే ఒక చక్కని పద్ధతి కనిపించింది. 3, 6 కలపమంటే పిల్లలు పెద్ద అంకె 6 దగ్గర మొదలుపెట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది అని పైకి లెక్కపెడతారని తేల్చారు. చాలా ఏళ్లు ఆ మాటే చెలామణీ అయింది. 1987లో రాబర్ట్ సీగ్లర్ చాలా మామూలు పని ఒకటి చేశాడు. ప్రతి లెక్క తర్వాతా ‘నీకు ఈ జవాబు ఎలా వచ్చింది?’ అని పిల్లల్నే అడిగాడు. ఆ పద్ధతిలో చేశామని పిల్లలు చెప్పింది మూడో వంతు లెక్కల్లో, మహా అయితే ఇంకాస్త ఎక్కువ. మిగతావాటిలో కొన్ని గుర్తున్న జవాబులు, కొన్ని ఒకటి నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టినవి, కొన్ని తెలిసిన లెక్కలోంచి లాగినవి, కొన్ని ఊహించి చెప్పినవి. సగటులో కనిపించిన ఆ పిల్లవాడు తరగతిలో ఎక్కడా లేడు. ఇంకో విషయం, ఒకే పిల్లవాడు ఒకే లెక్కని వేరే రోజు వేరే పద్ధతిలో చేయడం కూడా మామూలే. అంటే తేడాలు పిల్లవాడికీ పిల్లవాడికీ మధ్యే కాదు, ఒక్క పిల్లవాడి లోపలే ఉంటాయి. ఒక్క రోజు పరీక్ష చూసి ‘వీడింతే’ అనేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

ఇక చదవడానికి వద్దాం. 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ ఒక సాదా సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడానికి రెండు కావాలి. రాసి ఉన్నదాన్ని మాటలుగా పలకగలగాలి, ఆ మాటలు చెవిన పడితే అర్థం కావాలి. ఆ రెండిటినీ వాళ్లు కూడలేదు, గుణించారు. ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా ఫలితం సున్నాయే. దీన్ని తరగతిలోకి తెచ్చి చూడండి. ఒక బాబుకి కథ చదివి వినిపిస్తే అడిగినవాటన్నిటికీ టకటకా జవాబులు చెప్తాడు. అదే కథ తననే చదవమంటే రెండో లైన్ దగ్గర ఆగిపోతాడు. ఇంకో పాప పేజీ మొత్తం గడగడా చదివేస్తుంది. ‘ఏం జరిగిందమ్మా కథలో?’ అంటే మన మొహం చూస్తుంది. మొదటి బాబు మన కంట్లో పడతాడు. రెండో పాప చాలా ఏళ్లు ఎవరి కంటా పడదు, ఎందుకంటే చదివేటప్పుడు ఆమె గొంతు ఎక్కడా తడబడదు. ఆ పాపకి గుణింతాలు మళ్లీ దిద్దించి లాభం లేదు. ఆమెకి కావలసింది మాటలు, కథలు, వాటి గురించి కబుర్లు.

మొదటి రకం ఇబ్బంది ఎక్కడ పుడుతుంది? దీని మీద 1983లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ ప్రచురించిన అధ్యయనం గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఇంత జాగ్రత్తగా చేసిన పని అరుదు. చదవడం ఇంకా రాని నాలుగైదేళ్ల పిల్లలు దాదాపు 400 మందికి మాటలు వినిపించి, శబ్దం కలవనిది ఏదో చెప్పమన్నారు. మన భాషలో అయితే ‘పాట, పాప, మేక, పాలు’ లాంటివన్నమాట. శబ్దాల తేడా బాగా పట్టుకున్న పిల్లలు తర్వాతి ఏళ్లలో చదవడంలో ముందున్నారు. ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది సగం పనే. రెండూ ఒకేచోట కనిపించాయంటే ఒకటి రెండోదానికి కారణమని కాదు కదా. అందుకని శబ్దాలు పట్టుకోలేని పిల్లల్లోంచి 65 మందిని తీసుకుని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకి శబ్దాల్ని బట్టి మాటల్ని జతపరచడం నేర్పారు. రెండో జట్టుకి దాంతోపాటు అక్షరాలు కూడా చేతికిచ్చి చూపించారు. మూడో జట్టుకి అవే బొమ్మల్ని అర్థాన్ని బట్టి, అంటే జంతువులన్నీ ఒకవైపు అన్నట్టుగా, విడదీయడం నేర్పారు. నాలుగో జట్టుకి ఏమీ నేర్పలేదు.

ఆ మూడో జట్టు ఎందుకో ఆలోచించండి. ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని, ఓపిగ్గా మాట్లాడి, ఆడిస్తే ఏ పిల్లవాడైనా కాస్త మెరుగవుతాడు. ఆ మెరుగు శ్రద్ధ వల్ల వచ్చిందా, శబ్దాలు నేర్పడం వల్ల వచ్చిందా అని తేల్చాలంటే శ్రద్ధ మాత్రమే అందిన జట్టు ఒకటి ఉండాలి. చదవడంలో అందరికన్నా ముందుకెళ్లింది రెండో జట్టు, శబ్దమూ అక్షరమూ కలిపి నేర్చుకున్నవాళ్లు. వాళ్లకి లెక్కల పరీక్ష కూడా పెట్టారు. అందులో జట్ల మధ్య అలాంటి తేడా రాలేదు. నేర్పింది శబ్దాలు కాబట్టి ఫలితం చదువులోనే కనిపించింది. ‘మా పద్ధతితో పిల్లలు బ్రహ్మాండంగా మెరుగయ్యారు’ అని ఎవరైనా చెప్తే నేను మొదట అడిగేది ఆ మూడో జట్టు సంగతే.

పిల్లవాడి లోపల ఉన్న తేడా ఒకటైతే, వాడు నేర్చుకుంటున్న లిపి ఇంకొకటి. 2003లో ఫిలిప్ సేమూర్, ఆయన తోటివాళ్లు యూరప్ భాషల్లో చదువు మొదలుపెట్టిన పిల్లల్ని పోల్చారు. మొదటి ఏడాది చివరికి ఫిన్లాండ్ పిల్లలు తెలిసిన మాటల్ని దాదాపు తప్పు లేకుండా చదివేశారు. ఇంగ్లీషులో నేర్చుకుంటున్న స్కాట్లాండ్ పిల్లలు మూడో వంతు మాటలే సరిగా చదవగలిగారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి, అదీ కారణం. మన అక్షరాల సంగతి ఇంకో రకం. రాసినట్టే పలుకుతాం కానీ గుణింతాలు, వత్తులు కలిస్తే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాల మీద పట్టు రావడానికి చాలా తరగతులు పడుతుందని తేలింది. తెలుగు లిపి దానికి దగ్గరి చుట్టం. కాబట్టి రెండో తరగతిలో సంయుక్తాక్షరం దగ్గర తడబడే పిల్లని చూసి వెంటనే డిస్లెక్సియా, అంటే మాటల్ని చదవడంలో విడవకుండా ఉండే ఇబ్బంది, అనుకోకండి. ఇంగ్లీషు పిల్లల కోసం తయారైన కొలత ఇక్కడ అలాగే పనిచేయదు.

లెక్కల మొదలు ఇంకా ముందే ఉంది. ఆరు నెలల పసిపిల్లలు 8 చుక్కలకీ 16 చుక్కలకీ తేడా పట్టుకుంటారు, 8కీ 12కీ పట్టుకోలేరు. ఫెయ్ షూ, ఎలిజబెత్ స్పెల్కీ 2000లో ఇది చూపించారు. కానీ ఈ పుట్టుక జ్ఞానానికీ అంకెలకీ మధ్య చాలా దూరం ఉంది. మూడేళ్ల పాప ఒకటి నుంచి పది దాకా పాటలా అప్పజెప్పేస్తుంది. ముందు గింజల గిన్నె పెట్టి ‘మూడు ఇవ్వమ్మా’ అంటే గుప్పెడు తీసి చేతిలో పోస్తుంది. ‘ఒకటి ఇవ్వు’ అంటే సరిగ్గా ఒకటే ఇస్తుంది. ఒకటి అంటే తెలిసి, కొన్ని నెలలకి రెండు తెలిసి, ఇంకొన్ని నెలలకి మూడు తెలిసి, ఆ తర్వాత ఒక్కసారిగా ‘చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెప్తుంది’ అనే సంగతి తట్టుతుంది. కరెన్ విన్ ఈ మెట్లని 1990ల మొదట్లో వివరంగా రాసింది. ఎక్కాలు రావడం లేదని మనం కంగారుపడే పిల్లల్లో కొందరి ఇబ్బంది నిజానికి ఈ కింది మెట్ల దగ్గరే మొదలై ఉంటుంది. ఎక్కాలు ఇంకా గట్టిగా బట్టీ పట్టిస్తే వాళ్లకి ఏం ఒరుగుతుంది?

ఈ మెట్టు చాలామందికి ఆటతో కూడా దాటించొచ్చు. గీత రామణి, సీగ్లర్ 2008లో పేద కుటుంబాల చిన్న పిల్లలతో 1 నుంచి 10 దాకా వరసగా గళ్లున్న బోర్డు ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగు విడతలు, ఒక్కో విడత పావుగంట, ఇరవై నిమిషాలు. అంకెల మీద వాళ్ల పట్టు స్పష్టంగా పెరిగింది. గళ్లలో అంకెలకు బదులు రంగులున్న బోర్డుతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. ఇక్కడ కూడా ‘మూడో జట్టు’ ఉందని గమనించారా?

చాలామంది తల్లిదండ్రులు వంశం గురించి అడుగుతారు. ఇంగ్లాండ్, వేల్స్‌లో 1994 నుంచి 1996 మధ్య పుట్టిన కవలల్ని దశాబ్దాలుగా గమనిస్తున్న ఒక పెద్ద అధ్యయనం ఉంది. చదవడానికీ లెక్కలకీ మధ్య కనిపించే సంబంధంలో దాదాపు సగానికి ఉమ్మడి జన్యు ప్రభావాలే కారణమని 2014లో అందులోంచి వచ్చిన ఫలితం. రెండు ఇబ్బందులూ ఒకే పిల్లవాడిలో తరచుగా కలిసి కనిపించడానికి ఇదొక కారణం. అలాగని జాతకం రాసేసినట్టు కాదు. ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో డిస్లెక్సియా ఉన్న కుటుంబాల్లో పుట్టిన పిల్లల్ని పసితనం నుంచి గమనించారు. వాళ్లలో ఎక్కువమంది మామూలుగానే చదవడం నేర్చుకున్నారు. పైగా డిస్లెక్సియా అనేది ఉంది, లేదు అని గీత గీసి చెప్పేది కాదు. మనం ఎక్కడ గీత గీస్తామో దాన్ని బట్టి ఈ ఏడాది గీతకి ఇటున్న పిల్లవాడు వచ్చే ఏడాది అటు వెళ్లొచ్చు. చీటీ రాసి తగిలించేముందు ఇది గుర్తుంచుకోవాలి.

టెన్షన్ సంగతి ఒక్క మాటలో చెప్తాను. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని ఎరిన్ మలోనీ బృందం 2015లో ప్రచురించింది. భయం ఉన్నా తరచుగా సాయం చేయనివాళ్ల ఇళ్లలో అలా జరగలేదు.

చివరిగా బ్రెజిల్‌కి తీసుకెళ్తాను. అక్కడి రెసీఫె నగరంలో తెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ వీధుల్లో సరుకులమ్మే పిల్లల దగ్గరికి కొనేవాళ్లలా వెళ్లి బేరాలాడారు. ఆ పని 1985లో అచ్చయింది. పన్నెండేళ్ల పిల్లవాడు కొబ్బరికాయలమ్ముతున్నాడు, ఒక్కోటి 35 క్రుజేరోలు (అప్పటి బ్రెజిల్ డబ్బు). నాలుగింటికి ఎంత అంటే 105కి 30 కలిపి 135 అనుకుని, మళ్లీ సరిచూసుకుని 140 అని చెప్పాడు. కొద్ది రోజుల తర్వాత కాగితమూ పెన్సిలూ ఇచ్చి 35ని 4తో గుణించమన్నారు. నాలుగైదులు ఇరవై, రెండు పైకి, రెండూ మూడూ ఐదు, ఐదు నాలుగులు ఇరవై అని 200 రాశాడు. మొత్తమ్మీద పిల్లలు వీధిలో 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు. అవే అంకెల్ని కాగితం మీద ఉత్త లెక్కలుగా ఇస్తే 37 శాతమే. ఆ బాబుకి లెక్కలు వచ్చా, రావా? ఒక్క కాగితం చూసి మనం ఏం రాసేవాళ్లం?

కాబట్టి టీచర్లని నేను కోరేది పెద్ద పనేం కాదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తప్పు జవాబు కొట్టేసి వదిలేయకుండా, పిల్లవాడు రాసిన జవాబునే ఒక పక్కన ఎత్తి రాసుకోండి. వారానికి ఇద్దరు ముగ్గురిని పిలిచి ‘ఇది ఎలా చేశావో చెప్పు’ అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. చదవడంలో రెండు వేర్వేరు గళ్లు పెట్టుకోండి: తనే చదివితే ఎంత, వినిపిస్తే ఎంత అర్థమైంది. ఏడాది చివర ఆ కాగితం మార్కుల జాబితాతో పాటు పై తరగతి టీచర్ చేతికి వెళ్లాలి. పరిశోధన చేయాలనుకునే ట్రైనీలూ, మీరు ముందుగా అడిగి తెచ్చుకోవాల్సింది కూడా ఆ కాగితాలనే. ఇక ప్రశ్నలుంటే అడగండి.