గీసే పనికి తగినట్టు టూల్‌బార్ అమరిక

(తెరపై: క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. మధ్యలో ఖాళీ కాన్వాస్, చుట్టూ టూల్‌బార్‌లు, డాకర్లు అనే చిన్న ప్యానెళ్లు.)

వ్యాఖ్యానం: డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి తెరిచినప్పుడు కనిపించే అమరిక ఏ ఒక్కరి పనినీ దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. ఫొటోలు దిద్దేవారికీ, కామిక్స్ గీసేవారికీ, పోస్టర్లు రూపొందించేవారికీ ఎంతో కొంత ఉపయోగపడాలి కాబట్టి అందులో అన్నీ కాస్త కాస్త ఉంటాయి. దాన్ని మన పనికి తగినట్టు మార్చుకోవడం ఎలాగో ఇప్పుడు చూద్దాం.

(తెరపై: కర్సర్ కాన్వాస్ నుంచి గీసే సాధనాలుండే టూల్‌బాక్స్‌కు, తిరిగి కాన్వాస్‌కు పదేపదే వెళ్లివస్తుంది.)

వ్యాఖ్యానం: లక్ష్యం ఎంత దూరంగా ఉంటే, ఎంత చిన్నగా ఉంటే, దాన్ని చేరడానికి చేతికి అంత ఎక్కువ సమయం పడుతుందని 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగపూర్వకంగా వివరించారు. టూల్‌బార్ మీది చిన్న ఐకాన్ సరిగ్గా అలాంటి లక్ష్యమే. అందుకే అతి తరచుగా వాడే సాధనాలకు టూల్‌బార్ సరైన చోటు కాదని నేను గట్టిగా నమ్ముతాను. క్రిటాలోనూ ఫొటోషాప్‌లోనూ బ్రష్‌కు బి, ఎరేజర్‌కు ఇ అనే కీలు ఉండగా, నిమిషానికి పలుమార్లు వాడే ఈ రెండింటి కోసం చేయి కాన్వాస్‌ను వదిలి వెళ్లవలసిన అవసరం లేదు. రోజుకు కొన్నిసార్లు మాత్రమే అవసరమై, షార్ట్‌కట్ గుర్తుండని వాటికి టూల్‌బార్‌లో చోటివ్వాలి. నెలకోసారి వాడేవి మెనూలోనే ఉండనివ్వవచ్చు.

కీబోర్డు దగ్గర లేకుండా పెన్ డిస్‌ప్లే మీద, అంటే పెన్నుతో నేరుగా తెరపైనే, గీసేవారి విషయం పూర్తిగా వేరు. వారికి అన్‌డూ, రీడూ, కాన్వాస్‌ను అద్దంలోలా తిప్పి చూపే మిర్రర్ వ్యూ వంటివి టూల్‌బార్ మీదే ఉండాలి. కుడిచేత్తో గీసేవారు టూల్‌బాక్స్‌ను ఎడమవైపు, ఎడమచేత్తో గీసేవారు కుడివైపు ఉంచుకుంటే, గీసే చేయి దానికి అడ్డురాదు.

(తెరపై: సెట్టింగ్స్ మెనూ, అందులో కాన్ఫిగర్ టూల్‌బార్స్.)

వ్యాఖ్యానం: క్రిటాలో ఈ విండో తెరిచాక, ఏ టూల్‌బార్‌ను మార్చాలో ముందుగా పైనున్న జాబితాలో ఎంచుకోవాలి. ఎడమవైపు అందుబాటులో ఉన్న ఆదేశాలన్నీ, కుడివైపు ప్రస్తుతం టూల్‌బార్‌లో ఉన్నవీ కనిపిస్తాయి. మధ్యలోని బాణాలతో వాటిని అటూ ఇటూ మార్చవచ్చు, పైకీ కిందికీ జరపవచ్చు. చేర్చడం కంటే ముందు తీసివేయడంతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే అక్కరలేని ఐకాన్ల మధ్య కావలసినదాన్ని వెతకడానికి కంటికి కూడా సమయం పడుతుంది. మిగిలినవాటిని పనుల వారీగా దగ్గర చేర్చి, గుంపుకూ గుంపుకూ మధ్య సెపరేటర్ పెడితే చూపు సులువుగా నిలుస్తుంది. అమరిక చెడిందనిపిస్తే, అదే విండోలోని డిఫాల్ట్స్ బటన్ మొదటి స్థితిని తిరిగి తెస్తుంది కాబట్టి ధైర్యంగా ప్రయత్నించవచ్చు.

(తెరపై: చిత్రాలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లోని టూల్‌బాక్స్. ఒక ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటే దాని గుంపులోని సాధనాలు తెరుచుకుంటాయి.)

వ్యాఖ్యానం: గింప్‌లో 2020లో వచ్చిన 2.10.18 వెర్షన్ నుంచి దగ్గరి సంబంధం ఉన్న సాధనాలు మొదటి నుంచే గుంపులుగా కనిపిస్తున్నాయి. అవి విడివిడిగా కావాలనుకునేవారు ప్రిఫరెన్సెస్‌లోని ఇంటర్‌ఫేస్ కింద ఉన్న టూల్‌బాక్స్ పేజీలో ఆ ఏర్పాటును తీసేయవచ్చు. సాధనాల వరుసను మార్చడం, కొన్నిటిని దాచడం కూడా అక్కడే.

(తెరపై: ఫొటోషాప్, ఎడిట్ మెనూలో టూల్‌బార్.)

వ్యాఖ్యానం: ఫొటోషాప్‌లో వాడని సాధనాలను ఎక్స్‌ట్రా టూల్స్ అనే జాబితాలోకి లాగితే అవి ప్రధాన వరుస నుంచి తొలగి, టూల్‌బార్ అడుగున ఒకే చోట చేరతాయి. మొత్తం అమరికను విండో మెనూలోని వర్క్‌స్పేస్‌లో కొత్త పేరుతో భద్రపరచుకోవచ్చు. అయితే ప్యానెళ్ల స్థానాలు వాటంతటవే నమోదవుతాయి గానీ, టూల్‌బార్ మార్పులు, కీబోర్డు షార్ట్‌కట్‌లు నమోదు కావాలంటే పేరు అడిగే విండోలో వాటి పక్కనున్న గడులలో టిక్ పెట్టాలి. చాలామంది దాటిపోయే మెట్టు ఇదే.

స్కెచ్‌కు ఒకటి, రంగులకు ఒకటి చొప్పున రెండు వర్క్‌స్పేస్‌లు చేసుకున్నా, రెండింటిలోనూ టూల్‌బార్ మాత్రం ఒకే చోట, ఒకే వరుసలో ఉండాలి. చేతికి ఆ చోటు అలవాటయ్యేది స్థానాలు మారకుండా ఉన్నప్పుడే గనుక, కొత్త అమరికను కనీసం కొన్ని వారాలపాటు కదపకుండా వాడి చూసిన తర్వాతే మరో మార్పు చేయండి.